టార్పాలిన్ కింద ఏముంది?

“చెప్పకండి” అని మనం అనేలోపే చెప్పేసేవాళ్లకి ఏ శిక్ష వెయ్యాలో పాత శిక్షాస్మృతిలో లేదు. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులోనైనా ఓ సెక్షను పెట్టి ఉంటారని ఆశపడ్డాను. పెట్టలేదు. ఐదువేల లోపు దొంగతనం మొదటిసారి చేసినవాడు సొమ్ము వాపసు ఇచ్చేస్తే సమాజసేవతో సరిపెడతారట. బాగానే ఉంది. కానీ కథ ఎత్తుకుపోయినవాడు ఏం వాపసు ఇస్తాడు?

చూడటానికి మంచివాళ్లే వీళ్లు. విశాఖపట్నంలో అద్దాల పెట్టె ఎక్కి, 58 సొరంగాలు దాటి, ప్రతి సొరంగంలోనూ పిల్లల్తో సమానంగా కేకలు పెట్టి మరీ దిగుతారు. వలిసె పూల్లో నిలబడి ఫొటోలు తీసుకుంటారు. బొంగు చికెన్ తిని వేళ్లు నాకుతారు. ఆ తర్వాత టీ కొట్టు బల్ల మీద సరిగ్గా నా పక్కనే కూర్చుని, నా ఫోన్లోకి తొంగిచూసి, “అంకుల్, మీరు కూడా ప్లూరిబస్సా!” అని మురిసిపోతారు. ఏజెన్సీలో ఓ బడిపంతులు ప్లూరిబస్ చూడటం ఆ ట్రిప్పులో బొర్రా గుహల తర్వాత వాళ్లకి కనబడ్డ రెండో వింత. ఆ మురిపెంలోనే, “ఆ టార్పాలిన్ కింద ఉన్నది...” అని మొదలెట్టి వాక్యం పూర్తి చేసేస్తారు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. బ్రేకింగ్ బ్యాడ్ తీసిన విన్స్ గిల్లిగన్ దీన్నీ తీశాడు. ఆపిల్ టీవీలో 2025 నవంబరు 7న మొదలైంది, మొత్తం తొమ్మిది ఎపిసోడ్లు. ఎక్కడో 600 కాంతి సంవత్సరాల అవతల నుంచి ఒక సిగ్నల్ వస్తుంది. అది ఆర్‌ఎన్‌ఏ సూత్రమని కనిపెట్టి, మన శాస్త్రవేత్తలు ఊరుకోకుండా ల్యాబులో తయారుచేస్తారు. అది అంటుకుంటుంది. దాంతో భూమ్మీద జనమంతా ఒకే మనసైపోతారు. ఒకడికి తెలిసింది అందరికీ తెలుసు. కోపం లేదు, అబద్ధం లేదు, అందరి మొహాల మీదా అదే నవ్వు. పదముగ్గురికి మాత్రం అంటదు. అందులో ఒకావిడ కేరల్ స్టుర్కా. సముద్రపు దొంగల ప్రేమకథలు రాసి డబ్బు గడించి, వాటిని చదివేవాళ్లంటేనే చులకనగా ఉండే రచయిత్రి. లోకమంతా ఆనందంగా ఉందే అని ఏడుపు ఆవిడకి. ఇంకొకావిడ లక్ష్మి. ఔను, మన లక్ష్మే. పదముగ్గురిలో మనవాళ్లకీ ఒక సీటు వచ్చింది.

మొదటి రెండూ ఒకేసారి వదిలి, తర్వాత శుక్రవారానికి ఒకటి చొప్పున వదిలారు. శుక్రవారం అరకు సంత. నాకది దైవ నిర్ణయంలా తోచింది. ఎలాగూ ఉల్లిపాయలకీ ఎండుచేపలకీ జీపెక్కి దిగాలి, ఎపిసోడ్ కూడా సంచీలో వేసుకుని కొండెక్కవచ్చు. కూపర్టినోలోని ఆపిల్ వాళ్లకి మా సంత రోజు ఎవరు చెప్పారో గానీ వాళ్లకి శతకోటి దండాలు అనుకున్నాను.

ఇక్కడ సిగ్నల్ గురించి కొంచెం చెప్పాలి. కొంచెమే.

600 కాంతి సంవత్సరాలు దాటొచ్చిన సిగ్నల్‌ని అమెరికా వాళ్లు ఒక్క అక్షరం పోకుండా పట్టుకున్నారు. మా ఊళ్లోంచి చూస్తే ఎదుటి కొండ మీద టవరు కనిపిస్తుంది. రాత్రయితే ఎర్రదీపం కూడా వెలుగుతుంది. దాని సిగ్నల్ మాత్రం మా ఊరి మీదుగా వెళ్లిపోతుంది, ఆగదు. ఊళ్లో అది నిలిచేది ఒక్కచోటే, బడి వెనక గట్టు మీద పనసచెట్టు కింద. చెట్టు కింద అంటే ఎక్కడపడితే అక్కడ కాదు. మొదలుకి ఉత్తరాన ఓ బండ ఉంది. దానిమీద నిలబడితే రెండు గీతలు, కూర్చుంటే ఒకటి, దిగితే సున్నా. పడమటి కొమ్మ పట్టుకుంటే మాట వినబడుతుంది గానీ మన మాట అవతలికి పోదు. అందుకని భార్యతో మాట్లాడాల్సినవాళ్లు ఆ కొమ్మ దగ్గర నిలబడతారు.

ఆ బండకి ఓ దినచర్య ఉంది. పొద్దున్నే మా ఉపాధ్యాయ వర్గం, యాప్‌కి మొహం చూపించి హాజరు వేయించుకోవడానికి. మబ్బుగా ఉంటే నా మొహాన్ని అది నా మొహమని ఒప్పుకోదు. నవ్వి, నవ్వు మాని, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టి, ఓ విధమైన నవరసాభినయం చేశాక ఒప్పుకుంటుంది. తర్వాత ఉపాధి పని మేట్ వస్తాడు, కూలీల ఫొటో ఎక్కించడానికి. నెల మొదట్లో అయితే రేషను మిషను వస్తుంది. బియ్యం ఊళ్లో, వేలిముద్ర గట్టు మీద. ముసలమ్మలు పైకెక్కి వేలు పెట్టి, కిందికి దిగి బియ్యం తీసుకుంటారు. కాఫీ పండ్లు కోసి కోసి, అల్లం తవ్వి తవ్వి అరిగిపోయిన వేళ్లవి. గీతలు ఎప్పుడో పోయాయి. మిషను “మళ్లీ ప్రయత్నించండి” అంటుంది. ముసలమ్మ వేలిని చీరకొంగుకి తుడిచి మళ్లీ పెడుతుంది. మళ్లీ అదే మాట. ఆవిడ మిషన్ని ఆదివాసీ ఒడియాలో ఓ మాట అంటుంది. దాన్ని తెలుగులో రాయడం కుదరదు.

సాయంత్రాలు ఇంటర్ పిల్లలవి. తర్వాత ప్రేమికులవి, వాళ్లకి ఒక గీత చాలు. ఇంతమంది అక్కర్ల మధ్య నేను వెళ్లి “అమ్మా, కొంచెం జరగండి, నా అమెరికా సీరియల్ దించుకోవాలి” అనాలి. అనడానికి నోరు రాక వరసలో నిలబడతాను. ఓసారి చందా కట్టబోతే ఓటీపీ అడిగింది. బ్యాంకు ఫోను నా జేబులో లేదు, ఇంట్లో చార్జింగులో ఉంది. పరుగెత్తి దిగి తెచ్చేసరికి గడువు తీరింది. మళ్లీ పంపమన్నాను. పంపారు. ఈలోపు మబ్బు దిగి బండ మీద కూడా సున్నా అయింది. మబ్బు విడిచాక మూడు ఓటీపీలు కలిసి వచ్చాయి, మూడూ చచ్చినవే.

2023 జూన్‌లో ఒకేరోజు వంద 4జీ టవర్లు ప్రారంభించారు, వాటిలో ఎక్కువ మా అల్లూరి జిల్లాలోనే. అబద్ధం కాదు, చాలా ఊళ్లకి నిజంగానే సిగ్నల్ వచ్చింది. మా ఊరు ఆ చాలాలో పడలేదు, అంతే. సీరియల్ దిగకపోతే నాకేం పోతుంది? రాత్రివేళ ఎవరికైనా నొప్పులొస్తే 108కి ఫోన్ చెయ్యాలన్నా ఆ బండ మీదికే రావాలి. టార్చీ వేసుకుని ఒకడు గట్టెక్కి మాట్లాడుతుంటే, కింద నలుగురు డోలీ కడుతుంటారు. అలాంటి రాత్రి ఒకటి చూశాను. ఆ వారం ఎపిసోడ్ గురించి ఎవర్నీ అడగలేదు.

సరే, “అరకులోనే డౌన్‌లోడ్ చేసుకోరాదా” అంటారు మీరు. అదే చేశాను. కాకపోతే చలికాలం అరకంటే సగం విశాఖ అరకులోనే ఉంటుంది. ఆ ఒక్క టవరు మీద అంతమంది రీల్సూ ఎక్కుతుంటే నా ఎపిసోడ్ దిగాలి. 91 శాతం దగ్గర ఆగి ఆలోచిస్తుంది. ఆ ఆలోచించేంతసేపూ నేను టీ కొట్టు బల్ల మీద బందీని. దొంగలు నన్ను పట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఐదో ఎపిసోడ్‌తో అసలు కష్టం మొదలైంది. దాన్ని వాళ్ల పండగ కోసమని శుక్రవారం కాకుండా నవంబరు 26 బుధవారమే వదిలేశారు. మా సంత ఏ పండగకీ కదలదు. వానొస్తే గొడుగులతో నడుస్తుంది. ఆ ఎపిసోడ్ చివర కేరల్ ఓ చల్లని గోదాములోకి వెళ్లి, అక్కడున్నదాని మీది పట్టా ఎత్తి చూసి, అదిరిపడుతుంది. అంతే, చీకటి. తర్వాతిది డిసెంబరు 5న. చూసినవాళ్లందరికీ తొమ్మిది రోజులు ఊపిరి బిగబట్టడమే పని.

నవంబరు ఆఖర్లో మన్యంలో టార్పాలిన్ లేని చోటేదో చూపించండి. కోసిన వరికుప్పల మీద టార్పాలిన్. కాఫీ గింజలు ఆరబెట్టింది టార్పాలిన్. సంతలో రాజ్‌మా, పిప్పళ్లు, పసుపు పోసింది టార్పాలిన్, వాటికి పైకప్పు టార్పాలిన్. ఎక్కడ చూసినా నీలం, పసుప్పచ్చ. ప్రతి దాని అంచూ ఎత్తి చూడాలని చెయ్యి దురద. మా లెక్కల మాస్టారు కింద ఉన్నది గ్రహాంతరవాసి గుడ్డని వాదించాడు. కాఫీ తోటల్లో పనిచేసే కుర్రాడు, “కాదు మాస్టారూ, కేరలే ఉంటాది. ఇంకో కేరల్” అన్నాడు. నాకూ ఒక ఊహ ఉంది. సమాధానం తెలిసిపోయిన తర్వాత ఊహ చెప్పడం లేకితనం కాబట్టి చెప్పను. సమాధానమూ చెప్పను. మీకు ఎవరైనా చెప్తే ఆ పాపం వాళ్లది.

ఈ అభిమానుల్లో నేను లెక్కవేయనిది ఒకావిడ. టీ కొట్టు అప్ప. ఆవిడ ప్లూరిబస్ ఒక్క బొమ్మా చూడలేదు. నేను చెప్పగా వింది. వారం వారం టీ గ్లాసు నా ముందు పెట్టి, “ఏటి మాస్టారూ, ఆవిడ ఇంకా అందర్నీ తిడతానే ఉందా?” అని అడిగేది. కేరల్ అడిగిందని ఖాళీ అయిపోయిన సూపర్‌మార్కెట్‌ని చూస్తుండగానే మళ్లీ నింపేశారని, వెటకారానికి చేతిబాంబు అడిగితే అదీ తెచ్చి చేతిలో పెట్టారని చెప్పాను. అప్ప చాలాసేపు ఆలోచించింది.

“అడిగినవన్నీ తెచ్చిస్తన్నారు. మరి ఆవిడ బేరం ఎవరితో ఆడతాదండీ?”

అమెరికాలో పెద్ద పెద్ద విమర్శకులు ఈ సీరియల్ మీద పేజీలకి పేజీలు రాశారు. ఈ ప్రశ్న వేసినవాడు ఒక్కడూ నాకు కనబడలేదు. లక్ష్మి కొడుకు కూడా ఆ ఒకే మనసులో కలిసిపోయాడని, అయినా ఆవిడ వాణ్ని నా కొడుకే అంటుందని, కేరల్‌తో గొడవపడుతుందని చెప్తే, అప్ప గ్లాసులు తొలుస్తూ, “కొడుకు కొడుకే కదండీ” అని తేల్చేసింది. ఆ రోజు నుంచి ఆవిడకి సీరియల్ అంటే లక్ష్మే. “లక్ష్మి ఎలాగుంది?” అని అడుగుతుంది, పక్కవీధి మనిషిని అడిగినట్టు. నేను “ఈ వారం లక్ష్మి రాలేదప్పా” అంటే టీలో పంచదార తగ్గిపోయేది.

నా చిన్నప్పుడు, అంటే 1998లో, దూరదర్శన్‌లో కెప్టెన్ వ్యోమ్ వచ్చేది. కేతన్ మెహతా తీసింది. వెండిరంగు బట్టల్లో మిలింద్ సోమన్, 2123వ సంవత్సరం, అంతరిక్ష జైలు నుంచి తప్పించుకున్న పన్నెండుమంది ఘోర నేరస్థులు. అప్పటికి అమెరికాలో ఇంతకంటే బాగా తీస్తున్నారని మాకు తెలియదు; తెలిసినా లెక్కచేసేవాళ్లం కాదు. హాస్టల్లో ఒక్క టీవీ, ముందు కింద కూర్చుని డెబ్భై ఎనభై మందిమి. హిందీ వచ్చినవాడు ఒకడే. వాడు చెప్పిందే కథ. వాడికి ఎంత హిందీ వచ్చో ఇప్పటికీ అనుమానమే.

వారానికోసారి వచ్చేదాన్ని కూడా కరెంటు సాంతం చూడనిచ్చేది కాదు. సరిగ్గా నేరస్థుడు తలుపు తీసే సమయానికి పోయేది. కానీ పోతే అందరికీ పోయేది. మా వార్డెనుకీ తెలియదు, కింది ఊళ్లో కరణంగారికీ తెలియదు. మర్నాడు పొద్దున్న అన్నాల వరసలో ఆ తలుపు వెనక ఏముందో డెబ్భైమందిమి డెబ్భై రకాలుగా చెప్పుకునేవాళ్లం. “కాదు” అనడానికి ఎవడి దగ్గరా ఆధారం ఉండేది కాదు. ఇప్పుడు కరెంటు ఉంది, ఫోనుంది, చందా కట్టాను. ఎదురుచూడటం మాత్రం నా ఒక్కడికే మిగిలింది. లెక్కల మాస్టారికి మధ్యలోనే విశాఖ డిప్యుటేషన్ వచ్చింది. ఇంట్లో ఫైబర్ పెట్టించుకున్నాడు. శుక్రవారం పొద్దున్నే చూసేసి “అద్భుతం” అని ఒక్క మాట పంపుతాడు. పాపం, కథ చెప్పడు. పెద్దమనిషి. ఆ మాట నాకు మర్నాడెప్పుడో బండ మీద అందుతుంది. ఏమిటి అద్భుతమో వాదించుకుందామంటే అప్పటికి ఆయన ఇంకేదో సీరియల్లో ఉంటాడు.

ఆఖరిది డిసెంబరు 26 శుక్రవారం రావాలి. నేను సంచీ, చార్జరు సిద్ధం చేసుకున్నాను. వాళ్లు మళ్లీ పండగని దాన్ని రెండు రోజులు ముందుకి జరిపి 24నే వదిలేశారు. 26న నేను సంతకి దిగేసరికి అరకంతా చూసేసి ఉంది. జీపు స్టాండులో చెవులు మూసుకున్నాను. కాఫీ మ్యూజియం వైపు పోకుండా చుట్టుతిరిగి వచ్చాను. ఎర్ర స్వెట్టరు వేసుకున్న ఓ కుర్రాడు స్నేహితుడితో “క్లైమాక్స్‌లో కేరల్...” అంటుంటే, ఉల్లిపాయల కుప్ప దగ్గర వంగి గట్టిగా బేరం మొదలెట్టాను. అవసరం లేకపోయినా ఐదు కిలోలు కొన్నాను. అలా ప్రాణాలు దక్కించుకుని బల్ల మీద కూలబడి, ఫోన్ తీసి డౌన్‌లోడ్ నొక్కాను.

అప్ప టీ పెట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

“మాస్టారూ, నిన్న ఇశాపట్నం అమ్మాయిలొచ్చినారు. ఆకరుది మొత్తం చెప్పించీసుకున్నాను.”

“అప్పా, వద్దు.”

“ఇన్నాళ్లూ మీరు చెప్పినారు. ఒక్కసారి నన్ను చెప్పనివ్వండి.”

ఫోను వైపు చూశాను. నాలుగు శాతం.

“టీ పెట్టి చెప్పు” అన్నాను.

“ముందు లక్ష్మితో మొదలెడతాను” అంది అప్ప. ఆ ఎపిసోడ్‌లో లక్ష్మి ఉందో లేదో నాకు తెలియదు. విశాఖ అమ్మాయిలు చెప్పారో, టీ నీళ్లు మరిగేలోపు ఈవిడే తెచ్చిపెట్టిందో అంతకన్నా తెలియదు. “లక్ష్మి పొద్దున్నే లేచి, కొడుకుని లేపి, సంతకి బయల్దేరిందండీ...”