కొల్లగొట్టినవాడికి కోటి దండాలు

కోడిపిల్లను ఎత్తుకుపోయినవాడు దొంగ. కత్తి చూపించి గొలుసు లాక్కుపోయినవాడు దోపిడీదొంగ. ఊరికి ఊరినే ఊడ్చుకుపోయినవాణ్ణి మాత్రం ‘కొల్లగొట్టాడు’ అంటాం. ఆ అనడంలో తెలియకుండానే కాస్త గౌరవం తొణుకుతుంది. చట్టానికీ ఈ అంతస్తులు తెలుసు. భారతీయ న్యాయ సంహితలో దొంగతనానిది 303వ సెక్షను, దోపిడీది 309. అదే దోపిడీకి అయిదుగురో అంతకు మించో జతకూడితే 310లోకి, బందిపోట్ల హోదాలోకి ప్రమోషను. అయిదోవాడు దొరకని ముఠా పాపం దోపిడీ దగ్గరే రిటైరవ్వాలి. ఇంతకీ నేననేది ఒకటే: ఈ మాటల్లో మనం తూచేది పాపాన్ని కాదు, పాపి స్థాయిని.

చరిత్రే సాక్ష్యం. 1816లో పిండారీలనే దోపిడీ ముఠాలవాళ్లు గుంటూరు సీమ మీద పడి ఊళ్లు దోచుకున్నారు. కుంపిణీ దొరలు మండిపడి మరుసటేడు ఏకంగా యుద్ధానికే దిగారు. న్యాయమే. మరి 1799లో శ్రీరంగపట్నం కోట పడ్డాక టిప్పు ఖజానాను ఆ దొరల సైన్యం ఏం చేసింది? లెక్క రాసి, వేలం వేసి, హోదాల వారీగా పంచుకుంది. సేనాధిపతి జనరల్ హారిస్ వాటా ఎనిమిదో వంతు. దాని పేరు ‘ప్రైజ్ మనీ’, అంటే బహుమతి! తెల్లవాడి పీక పట్టిన టిప్పు చెక్కపులిని కూడా వదల్లేదు. అదిప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పిండారీలు చేసిన తప్పల్లా చిట్టా రాయకపోవడమే. దొరలు ‘లూట్’ అనే మాటను సైతం హిందీలోంచి ఇంగ్లీషులోకి ఎత్తుకుపోయారు, వాటాలు వేయడం కుదరక దాన్ని గుత్తగా ఉంచుకున్నారు.

‘మాటలకు కాలంతోపాటు కోరలు ఊడతాయి, తిరుమలలో నిలువుదోపిడీ ఇస్తామని మొక్కుకోవడం లేదా?’ అనవచ్చు. నిజమే. కానీ అక్కడ ఆ మాట అనేది ఒంటిమీది నగలు ఒలిచి హుండీలో వేసే భక్తురాలే. తెలిసే ఇస్తుంది. సినిమా పేజీ సంగతి వేరు. ‘తొలిరోజే బాక్సాఫీసును కొల్లగొట్టిన హీరో’ అని చదివి ఈలలు వేస్తాం. ఆ బాక్సాఫీసులో డబ్బెవరిది? పెంచిన రేటుకు టికెట్టు కొన్న మనదే. పాప్‌కార్న్ ఆ లెక్కలోకి రాదు. అది థియేటరువారి ప్రత్యేక దండయాత్ర. ‘అలంకారానికి అర్థాలు తీస్తారేమిటి?’ అని అభిమానులు కోప్పడతారు. సరే, అలంకారమే అయితే ‘ప్రేక్షకుల జేబులు కొట్టేసిన హీరో’ అని ఒక్క పోస్టరు వేయమనండి. పరువునష్టం దావా పడుతుంది. డబ్బు అదే, హీరో ఆయనే. కాకపోతే ఈసారి జేబు ఎవరిదో బయటపడిపోతుంది.