మంచులో ముగ్గు

తెల్లటి మంచు మీద తెల్లటి ముగ్గు వేస్తే ఏమవుతుందో నాకు 42 ఏళ్ళు వచ్చాక తెలిసింది. ఏమీ అవదు.

పండగ నెల పట్టాక ఓ ఆదివారం పొద్దున్న, మినియాపొలిస్‌లో మా గుమ్మం ముందు, మైనస్ 18 డిగ్రీల చలిలో మా ఆవిడ చుక్కల ముగ్గు మొదలెట్టింది. గ్లవ్సు వేసుకుంటే పిండి వేళ్ళ సందుల్లోంచి జారదు. తీసేస్తే వేళ్ళు ఉన్నాయో లేదో తెలియదు. వేసుకుంటూ తీస్తూ ముప్పావుగంట కష్టపడి, నడుం పట్టుకుని లేచి చూసుకుంది. మంచు ఎలా ఉన్నది అలాగే ఉంది. "ఏదీ?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

చేసిన పాపం కడుక్కోవడానికి నాకో ఉపాయం తట్టింది. పసుపు. గీతల వెంబడి పసుపు చల్లుకుంటూ పోయాను. ముగ్గు బ్రహ్మాండంగా తేలింది. అంతలో పక్కింటి పెద్దావిడ తలుపు తీసి, ముగ్గుకేసీ నాకేసీ మార్చి మార్చి చూసి, ఎంతో మర్యాదగా, "కొత్తగా కుక్కని తెచ్చుకున్నారా?" అని అడిగింది. ఈ దేశంలో పసుపుపచ్చని మంచుకి ఒకటే అర్థం. ఇంత పద్ధతిగా చుక్కలు కలిపే కుక్క వీళ్ళకి ఎక్కడ దొరికిందా అని ఆవిడ ఆశ్చర్యం.

దీనికంతటికీ కారణం బెంగ.

'హోమ్‌సిక్' అంటే ఏదో సెలవు చీటీలో రాసుకునే జబ్బులా ఉంటుంది. బెంగ అలా కాదు. తల్లికి దూరమైన దూడకి వస్తుంది, కొత్తకాపురానికి వెళ్ళిన పిల్లకి వస్తుంది, జీతం డాలర్లలో పుచ్చుకునేవాడికీ వస్తుంది. అన్నం సయించదు, కారణం చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. యూరపు వాళ్ళు దీన్ని నిజంగానే జబ్బుల పద్దులో రాశారు. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఊరుగాని ఊళ్ళో చిక్కి సగమవుతున్నవాళ్ళ గురించి పరిశోధన వ్యాసం రాసి, గ్రీకు ముక్కలు రెండు అతికించి 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. మందు కూడా చెప్పాడు: ఇంటికి పంపించెయ్యడమే. మందు సరైనదే. మా ఆఫీసువాళ్ళ ఇన్సూరెన్సులో లేదు, అంతే.

ఆ కాలంలో పరదేశాల సైన్యాల్లో పనిచేసే స్విస్ సిపాయిలు, తమ కొండల్లో ఆవుల్ని మళ్ళేసే పాట వింటే కత్తీ డాలూ పారేసి ఏడుస్తారని, అందుకే ఆ పాట పాడకూడదని కట్టడి చేశారని కూడా చెప్పుకుంటారు. నన్నడిగితే జనవరిలో వాట్సాప్‌లో గంగిరెద్దు సన్నాయి వీడియోలు పంపేవాళ్ళ మీద కూడా అలాంటి కట్టడే పెట్టాలి. బడ్జెట్ మీటింగులో పొరపాటున ఒకటి మోగి, నేను ముక్కు చీదుకుంటూ బయటికి వెళ్తే, ఈ ఏడు లెక్కలు అంత అధ్వాన్నంగా ఉన్నాయా అని మా మేనేజరు బెదిరిపోయాడు.

ఇక్కడి అసలు చిక్కు వేరే ఉంది. డిసెంబరు ఆఖరి వారంలో ఆఫీసులో పురుగు కూడా ఉండదు. "పండక్కి ఇంటికి వెళ్ళట్లేదా?" అని లిఫ్టులో ప్రతివాళ్ళూ అడుగుతారు. మా పండగ వచ్చే నెలండీ అంటే, "అయితే అప్పుడు వెళ్తారన్నమాట" అని సంతోషిస్తారు. అప్పుడు సెలవు ఎవడిచ్చాడు? తాడుంటే బొంగరం లేదు, బొంగరం ఉంటే తాడు లేదు. పైగా మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కనుమ నాడు కాకైనా కదలదని మా తాతయ్య మమ్మల్ని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఈ సంగతి మేనేజరుకి విడమర్చి చెబితే శ్రద్ధగా విని, కాకుల విషయంలో కంపెనీకి ఏ నిబంధనా లేదన్నాడు.

అలా పండగ లేని సెలవుల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న ఓ డిసెంబరు సాయంత్రం, పక్కింటి పెద్దావిడ పళ్ళెం తెచ్చింది. మూత తీస్తే గులాబీ పువ్వులు! మా అమ్మ సంక్రాంతికి వండే గులాబీ పువ్వులే. కాడ ఉన్న ఇనప అచ్చుని కాగే నూనెలో వేడిచేసి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడిపోయి తేలుతుందే, అవే. ఆవిడ వాటిని 'రోజెట్స్' అంది. వాళ్ళ అమ్మమ్మ నార్వే నుంచి ఓడలో వచ్చేటప్పుడు ఆ అచ్చు పెట్టెలో పెట్టుకొచ్చిందట. నేను ఒకటి కొరికి కళ్ళు తుడుచుకుంటుంటే, నూనె కంపు కొట్టిందేమోనని ఆవిడ కంగారు పడిపోయింది.

ఆ కుటుంబంతో మాకు చుట్టరికం కుదిరింది. ఎండబెట్టిన కాడ్ చేపని క్షారంలో నానబెట్టి వండే 'లుటెఫిస్క్' వాళ్ళకి క్రిస్మస్ వంటకం. ఈ రాష్ట్రంలోనే మాడిసన్ అనే చిన్న ఊరు అమెరికాకి లుటెఫిస్క్ రాజధాని తానేనని చెప్పుకుంటుంది. ఆ వాసన గోడ దాటి వచ్చిన రోజు నుంచీ మా ఇంగువ పోపుకి, ఎండుచేపల పులుసుకి ఉన్న భయం తీరిపోయింది. "నార్వేలో మా చుట్టాలు దీన్ని ముట్టుకోరు, వాళ్ళు పిజ్జా తింటారు" అని ఆవిడ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు నాకప్పుడు సరిగ్గా అర్థం కాలేదు.

జనవరి వచ్చింది. చలికాలంలో ఇక్కడికీ మా ఊరికీ పదకొండున్నర గంటల తేడా. మా ఊళ్ళో 13వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికి భోగిమంట వేస్తే ఇక్కడ 12వ తేదీ సాయంత్రం నాలుగున్నర. వాళ్ళ భోగికి నేను మీటింగులో ఉంటాను. నా భోగికి వాళ్ళు భోజనాలు చేసి కునుకు తీస్తుంటారు.

మా కాలనీలో ఇంటి ముందు మంట వేయకూడదు. అందుకని టీవీలో వేశాం. తప్పేం లేదు, ఈ దేశంలో అది పాత ఆచారమే. పొయ్యిలో దుంగ కాలుతుండగా తీసిన ఫిల్మును న్యూయార్కులో ఓ ఛానెల్ 1966 క్రిస్మస్‌కే గంటల తరబడి చూపించింది. మేం తలంట్లు పోసుకుని, 65 అంగుళాల భోగిమంట ముందు తడిజుట్లతో వరసగా కూర్చున్నాం. మా ఐదేళ్ళ పిల్ల మెళ్ళో పిడకల దండ. వాటిని కొన్నప్పుడు పొట్లం మీద 'తినడానికి కాదు' అని అంటించి ఉంది. ఏం జరగబోతోందో తెలియక ఆ చీటీ చూసి నవ్వుకున్నాను. "దండ మంటలో వెయ్యమ్మా" అన్నాను. మాట వినే పిల్ల. వేసింది. గురి కూడా బాగుంది. టీవీలో ఎడమవైపు కింద ఓ ముక్క ఇప్పటికీ ఆకుపచ్చగా వెలుగుతుంది. అది మా ఇంటి భోగి గుర్తు.

సాయంత్రం భోగిపళ్ళు. రేగుపళ్ళు దొరకలేదు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్ క్రాన్‌బెర్రీలకి పెట్టింది పేరు. అవీ ఎర్రగా, గుండ్రంగా, పుల్లగానే ఉంటాయి కదా అని చిల్లర నాణేలు, పూలరేకులు కలిపి పిల్ల నెత్తిన పోశాం. రేగుపండుకి లేని గుణం ఒకటి దీనికుంది: నేలకి తగిలితే ఎగురుతుంది. సోఫా కింద, హీటరు వెనక, బూట్లలో చేరిన భోగిపళ్ళు శ్రీరామనవమి దాకా దొరుకుతూనే ఉన్నాయి.

ఇక పిండివంటలు. మా ఆవిడది హన్మకొండ. "మా దిక్కు పండుగంటే సకినాలు. మీ అరిసెలు మీరే జేసుకోండి, నన్నడగకున్రి" అని తేల్చేసింది. సకినాలకి గది నిండా బట్ట పరిచి, అమ్మా పిన్నీ అత్తా వదినా చుట్టూ కూర్చుని కబుర్లాడుతూ చుట్టాలి. ఆవిడ ఒక్కతే డైనింగు బల్ల మీద తువ్వాలు పరుచుకుని చుడుతోంది. మూడో చుట్టు తిప్పేటప్పుడు కబురు చెప్పడానికి ఎవరూ లేక, నాలుగో సకినం దగ్గర తలెత్తి కిటికీలోంచి మంచుకేసి చూస్తూ ఉండిపోయింది. ఈ ఇంట్లో రెండు రాష్ట్రాల బెంగ ఉందని అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

నా సంగతి ఇంకా ఘోరం. అరిసెకి రాత్రంతా నానిన బియ్యం దంచిన తడిపిండి కావాలి. నేను పొట్లంలోని పొడిపిండి వాడాను. పాకం కుదిరిందో లేదో చూద్దామని అమ్మకి వీడియో కాల్ చేసి ఫోను గిన్నె పక్కన నిలబెట్టాను. మొదటి అరిసె నూనెలో వేశానో లేదో, ఇంటి కప్పు మీద ఉన్న పొగ అలారం కీచుమంటూ అందుకుంది. మా ఆవిడ తువ్వాలుతోటి, నేను అట్టపెట్టె మూతతోటి దానికి వింజామరలు వీస్తున్నాం.

"అదేం గోలరా?" అంది అమ్మ.

"హరిదాసు వచ్చాడమ్మా."

"ముందు పొయ్యి కట్టెయ్యి. అయినా నిన్ను అరిసెలు ఎవరు వండమన్నార్రా? నేనే మానేశాను. మోకాళ్ళు రానివ్వట్లేదు. స్వగృహ ఫుడ్స్‌లో కేజీ తెప్పించాను."

"మరి ముగ్గు?"

"ఎదురింటి పిల్ల స్టిక్కరు తెచ్చి అంటించింది. పర్లేదు, బానే ఉంది."

"హరిదాసు?"

"మోటారు సైకిలు మీద వస్తున్నాడు. పాటకి మైకు పెట్టుకున్నాడు, ఎదరకెళ్ళి బియ్యం పోసేలోపు తుర్రుమన్నాడు."

"అన్నయ్య వచ్చాడా?"

"హైదరాబాదులో బయల్దేరాడు. ఆరు గంటల్నుంచి టోల్‌గేటు దగ్గరున్నాట్ట."

నా చేతిలో అరిసె పళ్ళెంలో పడి టంగుమంది. నేను ఎవరి ఇంటి మీద బెంగ పెట్టుకున్నానో ఆ ఇంట్లో మా అమ్మే ఉండటం లేదు. నార్వే చుట్టాలు పిజ్జా తింటారని పక్కింటావిడ ఎందుకు నిట్టూర్చిందో అప్పుడు తెలిసింది. ఊరు వదిలినవాడు ఊరిని పెట్టెలో పెట్టుకుని పోతాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆ పెట్టెతో పని లేదు, వాళ్ళు ముందుకి పోతారు.

ఆ మాటకొస్తే సంక్రాంతి మాత్రం ఉన్నచోట ఉందా? సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళడం డిసెంబరు 21, 22ల్లోనే అయిపోతుంది. ఉత్తరాయణం, మకర సంక్రమణం ఒక్కనాడే రావడం సుమారు 1,700 ఏళ్ళ కిందటి మాట. భూమి ఇరుసు బొంగరంలా తూలుతూ ఉండటం వల్ల పండగ సుమారు 70 ఏళ్ళకో రోజు చొప్పున జరిగిపోతోంది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14, ఒక్కోసారి 15. అంటే పండగే పుట్టిల్లు వదిలి, రోజుకింత దూరం నడుస్తూ, వెనక్కి తిరిగి చూడకుండా పోతోంది. ఆ దృష్టితో చూస్తే ఇక్కడి తెలుగువాళ్ళు మరీ తొందరపడ్డారంతే. స్కూలు ఆడిటోరియం ఖాళీ దొరకలేదని ఒక ఏడు ఫిబ్రవరి మూడోవారంలో సంక్రాంతి సంబరాలు జరిపారు. మకర సంక్రాంతి చేసుకునేసరికి సూర్యుడు కుంభంలో ఉన్నాడు. గారెలు మాత్రం బాగున్నాయి.

చివరికి కనుమ వచ్చింది. మా కోనసీమలో కనుమంటే జగ్గన్నతోట తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు ప్రభ వరిచేల మీదుగా వచ్చి కౌశిక కాలవలో దిగి దాటుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. 2023 గణతంత్ర దినోత్సవానికి ఆ ప్రభలు శకటమెక్కి ఢిల్లీ కూడా వెళ్ళొచ్చాయి. కాకిని కూడా కదలనివ్వని మా తాతయ్య ఈ తీర్థానికి మాత్రం మమ్మల్ని భుజాన వేసుకుని నడిచేవాడు. "అది ప్రయాణం కాదు, దేవుడి పని" అనేవాడు. ఆయన రాజమండ్రి వెళ్ళొస్తేనే పరదేశం పోయొచ్చినట్టు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చే మనిషి.

అలాంటివాడి మనవణ్ణి, కనుమ నాడు, మైనస్ 22లో బస్సెక్కి ఆఫీసుకి పోయాను. డబ్బాలో మినప గారెలు పెట్టింది మా ఆవిడ. కనుమకి మినుము తినాలి కదా. సాయంత్రం ఐదు కాకుండానే చీకటి పడుతోంది. డౌన్‌టౌన్‌లో బస్టాపు దగ్గర నిలబడి తలెత్తితే, ఆకుల్లేని చెట్ల నిండా కాకులు. మినియాపొలిస్‌లో చలికాలపు సాయంకాలాల్లో ఊరి చుట్టుపక్కల నుంచి కాకులు వేల సంఖ్యలో నగరం మధ్యకి చేరి నిద్రపోతాయి. అన్నీ ఒక్కసారిగా ఎగురుతూ, వాలుతూ, పోట్లాడుకుంటూ, ఆకాశమంతా ఒకటే గోల. కనుమ నాడు, తాతయ్యా! ఒక్కటంటే ఒక్కటి కుదురుగా లేదు.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో సంక్రాంతి పెద్దల పండగ. పోయినవాళ్ళు ఆ రోజుల్లో కాకులై వచ్చి చూసిపోతారంటారు. డబ్బా తీసి ఒక గారె తుంచి మంచు మీద వేశాను. ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి, పసుపు ముగ్గుని పక్కింటావిడ చూసినట్టే నాకేసి ఓసారి చూసి, గారెముక్క ముక్కున కరుచుకుని పోయింది. బస్సులో వేళ్ళు వెచ్చబడ్డాక అమ్మకి ఫోను చేశాను. అక్కడ ముక్కనుమ తెల్లవారుజాము. లేచి కూర్చునే ఉంది.

"కాకి గారె ముట్టిందమ్మా."

"ముట్టిందీ?" అంది. కాసేపు మాట్లాడలేదు. "అయితే మీ తాతయ్యకి వీసా వచ్చినట్టేరా."

"పెద్దాయన, ఈ మంచులో..." అన్నాను.

"అదేరా నా భయం కూడా. మావయ్యగారికి చలి పడదు. రేపు ఇంకో గారె వేడిగా వెయ్యి."