మైనస్ మూడు సంబంధం

రెండేళ్ల కిందట ఎంసెట్ కౌన్సెలింగ్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు) మా అమ్మాయి కోసం 143 ఆప్షన్లు రాశాను. లాంగ్ నోట్‌బుక్‌లో మార్జిన్ గీసి, కాలేజీ కోడుకి నీలం, బ్రాంచి కోడుకి ఆకుపచ్చ, అంతకు ముందు ఏడు సీటొచ్చిన చివరి ర్యాంకుకి ఎరుపు. రాజమండ్రిలో మా వీధిలోనే ముగ్గురు తండ్రులు ఆ పుస్తకాన్ని జిరాక్స్ తీయించుకున్నారు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే నాకు అంతకు మించిన కీర్తి మళ్లీ దక్కలేదు. అందుకే ఆమధ్య ఆగస్టులో అమ్మాయి ఫోన్ చేసి "నాన్నా, ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌కి ఆప్షన్లు పెట్టాలి" అనగానే ఒంట్లో కొత్త రక్తం పారింది. ఒక చేత్తో ఫోనూ, రెండో చేత్తో స్కేలూ పట్టుకున్నాను.

"ఎన్ని పెట్టొచ్చమ్మా?"

"మూడు."

"నూట మూడా?"

"ఉత్త మూడే నాన్నా. ఆదివారం రాత్రి పన్నెండింటికి క్లోజ్."

పెళ్లి భోజనానికి పిలిచి, విస్తరి వేసి, మూడు మెతుకులు వడ్డించినట్టయింది.

సంగతేమిటంటే, ఫీజు మన కాలేజీకే కట్టాలి, చదువు మాత్రం ఒక సెమిస్టర్ పాటు పరాయి దేశంలో. అక్కడ ఫీజు అడగరు. బదులుగా వాళ్ల పిల్లలు ఇక్కడికొచ్చి చదువుకుంటారు. ఇదంతా మా ఆవిడకి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. పక్క గదిలో పడుకుని వింటున్న మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"కుండమార్పిడి సంబంధమన్నమాట. మనపిల్ల వాళ్లింటికి, వాళ్లపిల్ల మనింటికి. ఇంతకీ ఆ వచ్చే పిల్ల వంకాయ తింటుందా?"

అమ్మాయి పంపిన జాబితాలో పాతిక దాకా పేర్లున్నాయి. ఎదురింటి రిటైర్డ్ రైల్వే ఆయన ఆసాంతం చూసి, "టెక్సాస్ లేదేం?" అని, లేని దాని మీద మాట్లాడటం దండగన్నట్టు కాగితం తిరిగిచ్చేశాడు. వాళ్లబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. నేను మాత్రం నాకు తెలిసిన దారినే వెళ్లాను. ఏ ఊరు, ఏ చలి, ఏ భాష అని చూడలేదు, మార్కులెలా వేస్తారని చూశాను. ఇరవై ఆరేళ్లుగా, 75కి 74 తెచ్చుకున్న పిల్లవాణ్ణి నిలబెట్టి "ఆ ఒక్క మార్కూ ఏమైందిరా?" అని అడుగుతున్న నోరిది. ఇంకో దారి నాకు తోచదు.

మొదట జర్మనీ. అక్కడ మార్కు ఎంత చిన్నదైతే పిల్ల అంత గొప్పది. 1.0 వస్తే నెత్తిన పెట్టుకుంటారు, 4.0 వస్తే గట్టెక్కినట్టు, 5.0 వస్తే తప్పినట్టు. మన మార్కుని వాళ్ల మార్కులోకి మార్చడానికి బవేరియా ఫార్ములా ఒకటుంది. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. మా అమ్మాయి సీజీపీఏ 8.5. పాస్‌కి 5 అనుకుని లెక్క కడితే 1.9 వచ్చింది. కాఫీ ఇవ్వడానికొచ్చిన మా ఆవిడ కాగితం మీదికి తొంగి చూసి, "ఎవరండీ పాపం?" అంది.

"మనమ్మాయే" అన్నాను.

కాఫీ చల్లారిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

నిజానికి జర్మనీ నాకు నచ్చింది. అక్కడి టైంటేబుల్‌లో పది గంటల పక్కన 'సి.టి.' అని రెండక్షరాలుంటే క్లాసు పదింపావుకి మొదలవుతుందట. అంటే ఆలస్యం కూడా అచ్చేసి అమలు చేస్తారు. మా కాలేజీలోనూ పదింపావుకే మొదలవుతుంది, కాకపోతే మేం ఆ రెండక్షరాలూ రాయం కాబట్టి ప్రిన్సిపాల్ చేత తిట్లు తింటాం. వీసా కోసం నెలకి 992 యూరోల లెక్కన ముందే ఒక ఖాతాలో వేస్తే, అదే డబ్బు మళ్లీ మన పిల్లకే నెలనెలా కొంచెం కొంచెంగా వదులుతారు. ఈ పద్ధతి నాకు కొత్త కాదు. నా మొదటి జీతం మా నాన్నగారు ఇలాగే వదిలారు. చివరికి ఆ సంబంధం చెడగొట్టింది ముహూర్తం. వాళ్ల వేసవి సెమిస్టర్ పాఠాలు ఏప్రిల్ మధ్యలో మొదలై జులై మధ్యలో ముగుస్తాయి, పరీక్షలు ఆ పైన. మనకేమో ఆరో సెమిస్టర్ జనవరిలో మొదలై మేలో అయిపోతుంది. అక్కడ పరీక్ష రాస్తూ కూర్చుంటే ఇక్కడ ఏడో సెమిస్టరూ, దాంతోపాటే కంపెనీలూ వచ్చేస్తాయి. ప్లేస్‌మెంట్ల వేళకి పిల్ల ఊళ్లో లేకపోవడమంటే పీటల మీదికి పెళ్లికూతురు రాకపోవడమే.

ఆ తర్వాత ఇటలీలో బొలోన్యా. యూనివర్సిటీ పుట్టింది 1088లో అనగానే మా అమ్మ లేచి కూర్చుంది. మా ఊళ్లో నన్నయగారు భారతం మొదలుపెట్టిన శతాబ్దమే అది. "వంశం మంచిది" అంది. మా ఆవిడకి నచ్చింది వేరు. ఊరంతా వీధుల వెంట కప్పున్న వసారాలే, అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు, వానలో గొడుగు అక్కర్లేదు. అక్కడ మార్కులు ముప్పైకి. పద్దెనిమిదొస్తే పాస్. ముప్పైకి ముప్పై వచ్చినా ఇంకా మెచ్చుకోవాలనిపిస్తే పక్కన 'ప్రశంసతో' అని రాస్తారు. పూర్తి మార్కులకి పైన కూడా ఒక మెట్టుంటుందని తెలిసి మనసు ఉప్పొంగింది. అయితే అక్కడ చాలా పరీక్షలు నోటితోనేనట. ఇంట్లో నాతో గంటల తరబడి వాదించే పిల్ల వైవా అనగానే మూగదైపోతుంది. పైగా డిగ్రీ అందుకోకముందే ఊరి మధ్య ఉన్న అసినెల్లి గోపురం ఎక్కితే చదువు పూర్తికాదని అక్కడి విద్యార్థుల నమ్మకం. నాకలాంటి పట్టింపులు లేవు. లేవు గానీ, "ఎక్కకపోతే పోయేదేముంది" అని అమ్మాయికి మెసేజ్ పెట్టాను.

ఇక డెన్మార్క్. అక్కడి మార్కుల పట్టిక చూశాక రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. 12, 10, 7, 4, 02, 00, మైనస్ 3. ఇంతే. పదకొండు లేదు, తొమ్మిది లేదు. అంకశ్రేఢి కాదు, గుణశ్రేఢి అసలే కాదు. తేడాలు తీసి చూస్తే 2, 3, 3, 2, 2, 3 అని వచ్చింది, ఎవరో మృదంగం మీద వేసినట్టు. అదలా ఉంచండి, మైనస్ మూడేమిటి? నెగటివ్ మార్కు మాకూ ఉంది, కానీ ప్రశ్నకి వేస్తాం, మనిషికి వెయ్యం. ఏమీ రాయని పిల్లవాడికి కూడా సున్నా అనే గౌరవం ఒకటుంటుంది మా దగ్గర. దాన్ని కూడా లాక్కుని, పైగా మూడు బాకీ అంటే!

"నాన్నా, అది ఎవరికో గానీ రాదు."

"ఎవరికో ఒకరికి వస్తుందిగా."

ఆ ఆదివారం నాటికి ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. ముహూర్తం కుదరకపోయినా నేను జర్మనీయే, అమ్మ బొలోన్యా. మా ఆవిడ వాదమే వేరు. "మీ మార్కులు సరే. తాలింపు పెడితే ఆ హాస్టళ్లలో పొగ అలారం మోగుతుందట. ఏ ఊళ్లో మోగదో చెప్పండి, ఆ ఊరే పెడదాం." ఆ వివరం ఏ యూనివర్సిటీ బ్రోషర్‌లోనూ దొరకలేదు. డెన్మార్క్ హాస్టళ్లలో పదిమందికి కలిపి ఒక పెద్ద వంటిల్లుంటుందని మాత్రం తెలిసింది. "పదిమందున్న చోట నెపం మన ఒక్కళ్ల మీద పడదులెండి" అని ఆవిడ అటు మొగ్గింది.

చివరికి తేల్చినవాడు మా మాటల్లో ఎక్కడా లేని పెద్దమనిషి, అమ్మాయి కాలేజీలో హెచ్ఓడీ. అక్కడి సబ్జెక్టు ఇక్కడి సబ్జెక్టుతో సరితూగుతుందని ఆయన సంతకం పెడితేగాని ఆప్షనే చెల్లదు. మన క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం. యూరప్ క్రెడిట్ అంటే క్లాసూ, చదువూ, పరీక్షా అన్నీ కలిపి 25 నుంచి 30 గంటల పని, సెమిస్టర్‌కి అలాంటివి ముప్పై. వీశెలు ఒక తక్కెడలో, కిలోలు ఒక తక్కెడలో. ఆ తూకం ఎలాగో కుదిరింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది.

"ఈ సిలబస్‌లో యూనిట్లేవమ్మా?" అని అడిగాడాయన.

"వాళ్లకి యూనిట్లుండవు సార్."

"యూనిట్లు లేకపోతే ఎక్కడ ఆపుతారు?"

మా అమ్మాయి వారం వారం పాఠాల పట్టికలు ముందేసుకుని, ఒక్కో సిలబస్‌నీ అయిదు ముక్కలు చేసి, యూనిట్ వన్ నుంచి యూనిట్ ఫైవ్ దాకా పేర్లు తగిలించి పట్టుకెళ్లింది. డెన్మార్క్‌ది పదమూడు వారాల పాఠం. ఫిబ్రవరిలో మొదలై మన క్యాలెండర్‌లో సర్దుకుంది, అయిదుగా కూడా అందంగా తెగింది. ఆయన సంతోషంగా సంతకం పెట్టాడు. నేను నోట్‌బుక్‌లో మార్జిన్ గీస్తుండగానే ఆదివారం రాత్రి పదకొండింటికి అది ఫస్ట్ ఆప్షన్ అయిపోయింది. మా బొలోన్యా, మా జర్మనీ పెద్దల మర్యాద కోసం రెండూ మూడూ స్థానాల్లో కూర్చున్నాయి.

సీటు డెన్మార్క్‌లోనే వచ్చింది. మా ఆవిడ ఇంగువ డబ్బా సూట్‌కేస్‌లో ఏ మూల పెట్టాలో ఇప్పటినుంచే ఆలోచిస్తోంది. అమ్మ మాత్రం అక్కణ్ణుంచి రావలసిన పిల్ల ఇంకా రాలేదేమని అడుగుతోంది.

సీటొచ్చిన మర్నాడు క్లాసులో యూనిట్ టెస్ట్ పేపర్లు పంచుతున్నాను. చివరి బెంచీ కుర్రాడికి పాతికకి ఏడొచ్చింది. మామూలుగా అయితే నిలబెట్టేవాణ్ణి. ఆ రోజెందుకో నోరు జారి, "ఏడంటే డెన్మార్క్‌లో మంచి మార్కేరా" అన్నాను. వాడు పేపరు మడిచి జేబులో పెట్టుకుని, చాలా వినయంగా అడిగాడు.

"సార్, డెన్మార్క్‌కి ఎంసెట్‌లో ఎంత ర్యాంకు రావాలి?"