ఆడని ఆటకు సెక్రటరీ

జిల్లా స్టేడియం గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర పొద్దున్నే నీలం ట్రాక్‌సూట్‌లో, వీపు మీద 'ఇండియా' అని రాయించుకుని, చంకలో రెగ్జిన్ బ్యాగుతో ఒకాయన కనిపిస్తే దేశానికి ఆడినవాడనుకుని దండం పెట్టేయకండి. ఆయన దేశానికే కాదు, తన వీధికి కూడా ఎప్పుడూ ఆడలేదు. ఆయన అసోసియేషన్ సెక్రటరీ. ఏ ఆటకని అడిగితే ఒక్క క్షణం తడుముకుంటాడు. ఎందుకంటే మూడు ఆటలకు సెక్రటరీ, నాలుగోదానికి కోశాధికారి, అయిదోదానికి వ్యవస్థాపకుడు. ఆ అయిదో ఆట ఎలా ఆడతారో ప్రస్తుతం యూట్యూబులో చూస్తున్నాడు.

మెడలో విజిల్ ఉంటుంది. అది మోగగా విన్నవాళ్ళు లేరు. అసలు సరంజామా అంతా బ్యాగులో ఉంది: లెటర్‌ప్యాడు, గుండ్రటి స్టాంపొకటి, పొడుగు స్టాంపొకటి, ఇంకు ప్యాడు, రిజిస్ట్రేషన్ కాగితం, పాన్ కార్డు, పాసుబుక్కు, అన్నిటికీ అరడజనేసి జెరాక్సులు. లెటర్‌ప్యాడు ఎడమ అంచున ముఖ్య పోషకులు, గౌరవాధ్యక్షులు, గౌరవ సలహాదారులు పై నుంచి కింది దాకా బారులు తీరి ఉంటారు. ఎన్నికల ఫలితాలొచ్చిన సాయంత్రానికే ఆ బారు మారిపోతుంది. పాత ప్యాడులో మిగిలిన కాగితాల మీద మనవడు ఎక్కాలు రాసుకుంటాడు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఆ ఇంట్లో పిల్లాడికి లెక్కలు బాగా వస్తాయి.

సొసైటీ పెట్టడానికి 2001 చట్టం ప్రకారం ఏడుగురు చాలు. ఆయనకు ఏడుగురూ గడప దాటకుండానే దొరికారు. భార్య, బావమరిది, బావమరిది భార్య, తోడల్లుడు, మేడ మీద అద్దెకున్న మాస్టారు, జెరాక్స్ షాపు కుర్రాడు, తను. సర్వసభ్య సమావేశం సంక్రాంతికి అరిసెలు తింటూ జరుగుతుంది. తీర్మానాలన్నీ ఏకగ్రీవం. జాతీయ క్రీడా సంఘాల కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలుండాలని 2025లో వచ్చిన క్రీడా పాలన చట్టం చెప్పింది. అది జిల్లా దాకా వస్తుందో రాదో ఎవరూ ఆయనకు చెప్పలేదు. అయినా ముందుజాగ్రత్తగా కోడలి ఆధార్ కార్డు జెరాక్స్ తీయించి పెట్టుకున్నాడు.

ఇదంతా విని ఆయన్ని తీసిపారేయకండి. ఢిల్లీ నుంచి ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థ 'శాప్' దాకా క్రీడలకు పైసా ఎక్కడ పుట్టి ఎటు పారుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారుడికి ఏడాదికి 6 లక్షల 28 వేలని, ఆ 28 వేలను కూడా వదలకుండా చెబుతాడు. అందులో 1 లక్షా 20 వేలు, అంటే నెలకు 10 వేలు, చేతి ఖర్చుకింద ఆడేవాళ్ళకే ఇస్తారని, తక్కినది శిక్షణకు, తిండికి, బసకు పోతుందని విడదీసి చెబుతాడు. ఒలింపిక్ పతకం మీద ఆశ ఉన్నవాళ్ళ కోసం 2014లో పెట్టిన 'టాప్స్' పథకంలో కోర్ గ్రూపుకు నెలకు 50 వేలు, డెవలప్‌మెంట్ గ్రూపుకు 25 వేలు. 1998లో పెట్టిన జాతీయ క్రీడాభివృద్ధి నిధికి కంపెనీలు ఇచ్చే విరాళం మీద పన్ను మినహాయింపు. ఇబ్బందుల్లో ఉన్న పాత ఆటగాళ్ళను ఆదుకోవడానికి దీనదయాళ్ ఉపాధ్యాయ పేరిట ఒక సంక్షేమ నిధి. ఈ చివరిదానికి తనే దరఖాస్తు పెట్టుకుందామని ఒకసారి ఫారం నింపడం మొదలెట్టాడు. 'ఆడిన అంతర్జాతీయ పోటీలు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

ఇన్ని పథకాలు తెలిసినవాడికి గిట్టనివి మూడక్షరాలు: డీబీటీ. డబ్బు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలో పడిపోతే మధ్యలో తనెందుకని ఆయన బాధ. "పిల్లలకేం తెలుసండీ డబ్బు విలువ!" అని నిట్టూరుస్తాడు. 2023 డిసెంబరులో 'ఆడుదాం ఆంధ్రా' పోటీలు మొదలైనప్పుడు ఆయన పడ్డ క్షోభ అంతా ఇంతా కాదు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్... అయిదింట్లో ఒక్కదానికీ ఆయన సెక్రటరీ కాదు. అవేమో గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచే జరిగిపోయాయి. శాలువా కప్పడానికి కూడా ఎవరూ పిలవలేదు.

ఆయన్ను దగ్గర్నుంచి చూడాలంటే సాయంత్రం ఆ బడ్డీ దగ్గరికే రావాలి. ఒకరోజు అలాగే ఒక ఆటో డ్రైవరు పదమూడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల చెప్పుల్లేకుండా పరిగెత్తి జిల్లాలో మొదటొచ్చింది. రాష్ట్ర పోటీలకు స్పైక్స్ కావాలి.

"సార్, బూట్లకేమన్నా సాయం వస్తదా?"

సెక్రటరీ గారు గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సర్దుకున్నారు. "బూట్లకా? బూట్లకు హెడ్డు లేదయ్యా. ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిందనుకో, మన రాష్ట్ర కొత్త పాలసీలో 7 కోట్లు! వెండికి 5, కంచుకు 3. కేంద్రం ఇచ్చే 75 లక్షలు వేరే!"

"ఆ బంగారం తేవాలంటే బూట్లు కావాలి గదా సార్!"

"అదే చెబుతున్నా. ముందు తెమ్మను."

ఈ సంభాషణలో తప్పెవరిదో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయన చెప్పిన అంకెలన్నీ నిజం. గెలిచాక ఇచ్చే చెక్కుకు పెద్ద అట్ట, పూలదండ, కెమెరా ఉంటాయి. గెలవకముందు ఇచ్చే బూట్లకు ఇవేవీ ఉండవు. ఆ తేడా కనిపెట్టింది సెక్రటరీ గారేం కాదు. ఆయన దానికి అలవాటు పడ్డాడంతే.

ఎప్పుడైనా గ్రాంటు వస్తే ఆ తర్వాత యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. అది మాత్రం చూసి తీరాల్సిన కళ. ఏప్రిల్ ఎండల్లో జరిగే శిక్షణ శిబిరానికి ఓచర్లు మార్చి చివరి వారంలో తయారవుతాయి. అంటే శిబిరానికి ముందే. అరటిపండ్ల బండి, టెంటు హౌస్, ఫస్టెయిడ్ మందులు, గ్లూకోజు, బ్యానరు ఎవరి బిల్లు వాళ్ళదే గానీ అన్నిట్లోనూ 'లు' కొమ్ము తిప్పి రాసే తీరు ఒకటే. అనుమానం రాకుండా నీలం ఇంకు రెండు, నలుపు ఇంకు మూడు, ఒకటి మడిచి నలిపింది, ఒకదాని మీద టీ మరక. ఆ మరక మాత్రం అసలుదే. ఇప్పుడు ఫొటోలు ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో కూడా అందులోనే పడాలంటున్నారని వాపోతాడు. సైన్సు ఇంతలా పెరగడం ఆటలకు మంచిది కాదట.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ నెలల్లో టీకి ఆయన జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు. స్పోర్ట్స్ కోటా కోసం తల్లిదండ్రులు బడ్డీ చుట్టూ మూగుతారు. దానికి తోడు రాష్ట్రంలో ఉద్యోగాల క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 టీచరు పోస్టులు, అదీ రాతపరీక్ష లేకుండా! ఆ రోజుల్లో ఆయన ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి కూడా ఖాళీ ఉండేది కాదు. బంతి ఏ రంగులో ఉంటుందో తెలియనివాళ్ళు కూడా "మనవాడు బాగానే ఆడేవాడండీ" అంటూ వచ్చారు. అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చాడని నేననను. ఎవర్నీ కాదని మాత్రం పంపలేదు.

బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ పేరెత్తితే ఇక ఆగడు. "గచ్చిబౌలిలో అకాడమీకి 5 ఎకరాలిచ్చారు. నేనేం తక్కువ తిన్నాను? కనీసం 5 సెంట్లు ఇవ్వరా?" అంటాడు. ఆ స్థలంలో అకాడమీ కట్టడానికి గోపీచంద్ సొంతిల్లు తాకట్టు పెట్టుకున్న సంగతి గుర్తుచేస్తే, వెంటనే బ్యాగు తీసి ఏదో కాగితం వెతకడం మొదలుపెడతాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దరఖాస్తు ఆఖరి తేదీ ఈ జిల్లాలో గుర్తున్నది ఆయనొక్కడికే. ఆటో డ్రైవరు కూతురి దరఖాస్తు ఫైలు మీద సంతకం కోసం మూడు రోజులు కలెక్టరాఫీసు వరండాలో కూచున్నదీ, రాత్రి బస్సెక్కి విజయవాడ పోయి ఇచ్చొచ్చిందీ ఆయనే. ఆ బస్సు టికెట్టు యూసీలో రెండుసార్లు వచ్చింది, నిజమే. కానీ ఫైలు చేరింది. పిల్ల పేరు జాబితాలో వచ్చింది. మనలో ఎవరమైనా ఆ వరండాలో మూడు రోజులు కూచునేవాళ్ళమా? నేనైతే మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేవాణ్ణి. ఆయన లేకుండా పని జరిగే మార్గం కాగితం మీద ఉంది. ఆ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో చెప్పేవాడు లేనంత కాలం ఆయన నీలం ట్రాక్‌సూట్ వెలిసిపోయినా విప్పడు.

కాబట్టి మీ ఇంట్లో పరిగెత్తే పిల్లో, బరువులెత్తే పిల్లాడో ఉంటే ఆయన దగ్గరికి తప్పకుండా వెళ్ళండి. టీ ఇప్పించండి. చెప్పిందంతా రాసుకోండి. బ్యాంకు ఖాతా మాత్రం పిల్ల పేరునే తెరవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంట్లో బీరువాలో పెట్టి, ఆయనకు జెరాక్సులే ఇవ్వండి.