ఉండేలు పద్యానికి టీకాతాత్పర్యం

ఆ. పంగకర్ర కోసి పదిలమ్ముగా చెక్కి
తెగిన ట్యూబు ముక్క తెచ్చి కట్టి
చెప్పు తోలులోన చిరుమట్టి యుండతో
గురిని చూచి లాగి కొట్టు ఘనుడు

టీక: పంగకర్ర = రెండుగా చీలిన జామకొమ్మను; కోసి = నరికి (ఎవరి దొడ్డిలోదో కవి చెప్పలేదు); పదిలమ్ముగా = వేలు తెగకుండా; చెక్కి = బెరడు తీసి నునుపు చేసి; తెగిన = గాలి నిలవని; ట్యూబు ముక్క = సైకిలు ట్యూబు పీలికలను; తెచ్చి = రిపేరు షాపు ముందు ఏరుకొచ్చి; కట్టి = పంగ కొసలకు బిగించి; చెప్పు తోలులోన = పాత చెప్పునుంచి కోసిన తోలుముక్కలో (ఉంచిన అని అధ్యాహారం); చిరుమట్టి యుండతో = ఎండబెట్టిన బంకమట్టి గోళీతో; గురిని చూచి = ఒక కన్ను మూసి; లాగి = చెవిదాకా సాగదీసి; కొట్టు = కొట్టేటటువంటి; ఘనుడు = గొప్పవాడు, తండ్రి చూడనంతవరకు.

తాత్పర్యం: పనికిరాని నాలుగు వస్తువులతో ఆయుధం చేసుకున్నవాడు ఘనుడని భావం. నింద ధ్వనిస్తున్నందున వ్యాజస్తుతి.

విశేషాలు: ఉండేలు అంటే ఉండవిల్లు. మొదట అది నిజంగా విల్లే. బాణానికి బదులు మట్టి ఉండను విసిరేది. పంగకర్రకు ఆ పేరు తరవాత సంక్రమించింది. మంచె మీదనుంచి జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల వేరు. అందులో సాగేది ఏమీ లేదు, తల చుట్టూ తిప్పిన వేగమే రాయికి బలం. తెలంగాణ సాయుధ పోరాటంలో రజాకార్లకు ఎదురు నిలిచింది ఈ వడిసెలే.

‘ట్యూబు’ అన్న ఒక్క మాటతో కాలనిర్ణయం తేలిపోతుంది. గంధకం కలిపి వేడిచేసే కిటుకు 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కు దొరికేదాకా రబ్బరు ఎండకు జిగటయ్యేది, చలికి బిరుసెక్కేది. డన్‌లప్ గాలి టైరు 1888 నాటిది. కనుక పద్యాన్ని నన్నయ కాలానికి లాక్కుపోయే ఉత్సాహం ఎవరికీ వద్దు.

‘తెగిన’ సార్థక విశేషణం. బాగున్న ట్యూబు కోస్తే రౌద్రరసం ఇంట్లోనే పుడుతుంది. ట్యూబుల్లోనూ జాతులున్నాయి: బ్యూటైల్ రబ్బరు గాలిని గట్టిగా పట్టుకుంటుంది గానీ, లాగి వదిలితే మందకొడిగా ముడుచుకుంటుంది, సహజ రబ్బరుకు ఆ బద్ధకం లేదు. ‘లాగి’ అన్నచోట లెక్క ఉంది. సాగదీత రెట్టింపయితే అందులో దాగే శక్తి సుమారు నాలుగు రెట్లవుతుంది. రాయి అనక ‘ఉండ’ అనడమూ ఊరికే కాదు, గుండ్రనిదే తిన్నగా పోతుంది.

‘కొట్టు’ సకర్మక క్రియ. కర్మ మాత్రం కనబడదు. మామిడికాయ అని కొందరు, పొరుగింటి పెంకు అని కొందరు వ్యాఖ్యానించవచ్చు. రెండూ అన్వయిస్తాయి. రామచిలుక అనే అర్థం మాత్రం చెల్లదు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.