ఎరకు చిక్కని మామ

వెంచర్ చూడ్డానికి పోయే ఆదివారం మా మామ ఇంట్లో టిఫిన్ చెయ్యడు. మధ్యాహ్నం వాళ్లు పెట్టే బిర్యానీకి కడుపు ఖాళీగా ఉంచుకుంటాడు. 2022లో రామాయపట్నం పోర్టుకు శంకుస్థాపన జరిగింది మొదలు, కావలి చుట్టుపక్కల ఏ చేలో తెల్లరాళ్లు పాతినా మొదటి కబురు ఈయనకే అందుతుంది.

సైటు కాడ ఆయన్ను చూసి తీరాలి. చెప్పులు విడిచి, గుప్పెడు మట్టి తీసి నలిపి వాసన చూస్తాడు. ఈశాన్యం పెరిగిందా అంటాడు. "అప్రూవల్ ఉందా అబ్బయా?" అంటూ ఏజెంటు భుజమ్మీద చెయ్యేస్తాడు. రెండో చెయ్యి అప్పటికే లెగ్‌పీసు మీద ఉంటుంది. ఆక్టోపస్ నాడీకణాల్లో మూడింట రెండొంతులు చేతుల్లోనే ఉంటాయట. మామను చూశాక నాకు వింతనిపించలేదు. బుకింగ్ ఫారం బయటికి తీశారా, "ఇంట్లో ఆడోళ్లనొక మాట అడగాల గదా" అంటాడు. మా అత్తను ఆయన ఏదైనా అడిగి ఏళ్లయింది.

దక్షిణ ఆస్ట్రేలియాలో రాతిరొయ్యల కోసం ఎర పెట్టి సముద్రంలోకి బుట్టలు దింపుతారు. ఎర కోసం రొయ్య దూరుతుంది, రొయ్య కోసం ఆక్టోపస్ దూరుతుంది. తీరిగ్గా తిని, పెంకు బుట్టలోనే పారేసి పోతుంది. ఒంట్లో ఎముక లేదు. చిలకముక్కులాంటి ఆ గట్టి నోరు పట్టే సందుంటే చాలు, ఒళ్లంతా జారిపోతుంది. మామ కూడా అంతే, చేతిలో కంపెనీ క్యాలెండరు, చంకలో బిర్యానీ పొట్లం. ఆ పొట్లం నాకే. వద్దని ఏనాడూ అన్లేదు, అబద్ధమెందుకు?

మరి ఆక్టోపస్‌ను పట్టేదెట్లా? జపాను జాలర్లు ఎర జోలికే పోరు. తాడుకు ఖాళీ కుండలు కట్టి అడుక్కి దింపుతారు. ఇల్లు దొరికిందని అది దూరి కూర్చుంటుంది. కుండను పైకి లాగుతున్నా బయటికి రాదు.

మొన్నామధ్య ఊరి చివర ఒక లేఅవుట్ పడింది. వ్యాను లేదు, భోజనం లేదు, ఫోన్ చేసి పిలిచే నాథుడు లేడు. మామకు నిద్ర పట్టలేదు. "ఎవర్నీ పిలవట్లేదంటే అసలు సరుకు ఇదేరా" అని నా స్కూటర్ తీసుకుని తనే పోయి, కొసరు మాట లేకుండా అడ్వాన్స్ కట్టొచ్చాడు. అత్తనడగలేదు.

కట్టినదాంట్లో పదివేలు నావి.