డబ్బా మీది చీటీకి టీకా తాత్పర్యము

మూలము:
“ఐ5 మినీ పీసీ, 8 జీబీ, 256 ఎస్‌ఎస్‌డీ, ఒరిజినల్ విండోస్, సూపర్ కండిషన్, అడాప్టర్‌తో సహా. రేటు మాట్లాడుకుందాం.”

అవతారిక: సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో జనులు సీటీసీ అని పిలుచు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల, జానెడైనను లేని నల్లని డబ్బాపై అంటించు చీటీ ఇది. కర్త అంగడివాడు. వస్తువు, ఆఫీసులు లీజు తీరగానే వదిలించుకొన్న ఆప్టిప్లెక్స్ మైక్రో, థింక్‌సెంటర్ టైనీ, ఎలైట్‌డెస్క్ మినీ మొదలగు యంత్రములు. శ్రోత, పిల్లల చదువుకో ఇంటి లెక్కలకో చవకలో కంప్యూటరు కోరు గృహస్థు.

టీక:
ఐ5 = ఇది గోత్రము వంటిది. 2009లో పుట్టిన చిప్పుకును ఇదే పేరు, నిన్న మొన్నటి దానికిని ఇదే పేరు. కావున ‘ఎన్నవ తరము’ అను పదమును అధ్యాహారము చేసికొనవలెను. చీటీలో అతిముఖ్యమైన మాట, చీటీలో లేని ఈ మాటయే. పక్క అంగడిలో “ఐ5 ఎయిత్ జెన్” అని పాఠాంతరము కనబడిన అదియే గ్రాహ్యము. ఏ పాఠమైనను యంత్రమును ఆన్ చేయించి పూర్తి సంఖ్య చదువక నమ్మరాదు. 7500టీ అనిన 7వ తరము, నాలుగు కోర్లు. 8500టీ అనిన 8వ తరము, ఆరు కోర్లు. ఒక్క అంకెకు ఇంత రచ్చ ఏలయనిన, ఇంటెల్ చిప్పులలో విండోస్ 11కు 8వ తరము హద్దు. 7వ తరమున అపవాదములు కలవు గాని అవి ఈ డబ్బాలలో దొరకవు. విండోస్ 10 చూతమన్న, దాని మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసినది. అడ్డదారిన 11 ఎక్కించి ఇచ్చు సమర్థులును కలరు. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారి మరల వారి కాళ్లే పట్టవలెను. లినక్స్ వేసికొను పుణ్యాత్ములకు ఈ హద్దు వర్తింపదు.

చివరి ‘టీ’ పాణిని అనుబంధము వంటి అక్షరము. పలుకుటకు చిన్నదైనను ఫలము పెద్దది: ఒట్టి 7500 అరువదియైదు వాట్లది, టీ చేరిన ముప్పదియైదు. ఇంత చిన్న డబ్బాలో వేడి ఇముడుటకు కారణమదే.

8 జీబీ = పదవిభాగము వివాదాస్పదము. ఒకటే ఎనిమిదా, నాలుగును నాలుగునా? లోపల ల్యాప్‌టాప్ ర్యామ్‌కు స్లాట్లు రెండు. నాలుగు నాలుగులైన పని కొంత చురుకు. ఒకే ఎనిమిదైన రేపు పక్కన మరొకటి పెట్టవచ్చును. నా మతము రెండవది.

256 ఎస్‌ఎస్‌డీ = స్వభావోక్తి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎన్ని గంటలు నడిచినదో చూచిన చాలు.

ఒరిజినల్ విండోస్ = ప్రక్షిప్తమని కొందరు. యాక్టివేషన్ పుటలో ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్’ అను మాట కనబడినచో, ఆ సంస్థ ఏదని అంగడివానిని అడుగుడు. ఆనందింతురు.

సూపర్ కండిషన్ = అతిశయోక్త్యలంకారము. పై గీతలు కావు, బయాస్ తెరచి చూడవలెను. పాత ఆఫీసువారి పాస్‌వర్డ్ అందులో మిగిలియున్న, నాణెము బ్యాటరీ పీకినను పోకపోవచ్చును.

అడాప్టర్‌తో సహా = ఎవరి అడాప్టర్ అని ప్రశ్న. డెల్ యంత్రము తన అడాప్టర్‌ను నడిమి సూది ద్వారా గుర్తించును. పరాయిదైన హెచ్చరిక చూపి వేగము తగ్గించుకొని కూర్చుండును. ఇక వైఫై అను పదము మూలమున లేదు, యంత్రమునను లేకపోవచ్చును.

పూర్వపక్షము: ఎన్100 చిప్పుతో సరికొత్త మినీలు వచ్చుచుండగా ఈ పాతది ఏల? సమాధానము: ఎన్100 పనిలో ఇంచుమించు 7500టీకి సాటి. విండోస్ 11 నిక్షేపముగా ఒప్పుకొనును, కరెంటు తక్కువ త్రాగును, కొత్త ఏవీ1 వీడియోలను చిప్పులోనే విప్పును. కావున 7వ తరమునకు ఈ వాదము ప్రాణాంతకము. ఆరు కోర్ల 8500టీకి మాత్రము కాదు. పైగా ఎన్100కు మెమరీ దారి ఒక్కటే, పాతదానికి రెండు.

తాత్పర్యము: 8వ తరమైన, పై పరీక్షలు గడచిన, కొనవచ్చును. 7వ తరమైన లినక్స్‌కో, మూలన కూర్చుండి ఫైళ్లు దాచు సర్వరుకో, అదియును మిక్కిలి చవకైనప్పుడే.

రేటు మాట్లాడుకుందాం = చీటీలో విధివాక్యము ఇదొక్కటే, తక్కినవన్నియు అర్థవాదములు. ర్యామ్ ఖర్చు, వైఫై కార్డు ఖర్చు చెప్పిన ధరలోనుండి తీసివేసి అక్కడ బేరము మొదలుపెట్టవలెను. 8వ తరమునకు అంత పట్టు వలదు. వెనుక నిలుచున్న గృహస్థు వినుచున్నాడు.